ట్రామ్ దిగి ఎడమవైపు

"ట్రామ్ దిగాక జనమంతా కుడివైపు వెళతారు. మనం ఎడమవైపు తిరగాలి. ఆ సందు చివర మెట్లు దిగితే నది" అన్నాడు శ్రీవత్స, చొక్కా మడతపెడుతూ.

చరిత చేతిలోని పులిహోర పొడి ప్యాకెట్టు సూట్‌కేస్‌లోకి వెళ్ళకుండా మధ్యలోనే ఆగింది.

"ఎడమవైపని నీకెలా తెలుసు?"

"ఎక్కడో చదివాను."

ఎల్లుండే యూరప్‌లోని ప్రాగ్‌కి ప్రయాణం. అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో వాళ్ళ కొత్త అపార్ట్‌మెంట్ హాలు నిండా సూట్‌కేసులు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఇద్దరికీ కలిపి ఒక టూత్‌పేస్ట్ చాలా, రెండు కావాలా అని పొద్దుటి నుంచి వాదించుకుని నవ్వుకున్నారు. మెడకింద పెట్టుకునే దిండుని అతను పెళ్ళిదండలా వేసుకుని ఇల్లంతా తిరిగాడు. మేజోళ్ళు జత చేయడంలో కూడా ఇంత సుఖం ఉంటుందా అనుకుంది చరిత. ఇప్పుడు ఆ 'ఎడమవైపు' మాత్రం పంటిలో ఇరుక్కున్న పీచులా వదలడం లేదు.

మామూలుగా అడిగినట్టే అక్కడి కోట సంగతి అడిగింది. వెనక గేటు నుంచి వెళ్ళాలని, అక్కడ గోడ పక్కనున్న బెంచీ మీద కూర్చుంటే ఎర్ర పెంకుల కప్పులన్నీ కనిపిస్తాయని చెప్పాడు. ఊరి నడిబొడ్డునున్న పాత గడియారం సంగతి అడిగింది. గడియారానికి ఎదురుగా కాదట, మూలన చెక్కబొమ్మలు వేలాడదీసిన కొట్టు ముందు నిలబడి చూడాలట. లైబ్రరీ నుంచి తెచ్చుకున్న గైడ్ పుస్తకంలో ఆ కొట్టు ఊసే లేదు. అతను చెప్పినదాంట్లో ఒక్కటీ తప్పనిపించలేదు. ఆమెకి భయం వేసింది అందుకే.

పోయిన వారం శ్రీవత్స ఆఫీసు స్నేహితుడు ఆశిష్ ఇంట్లో, తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌కి వెళ్ళినప్పుడు ఆశిష్ అన్న మాట గుర్తొచ్చింది. "మీకు గైడ్ ఎందుకు వదినా? వీడు ప్రాగ్‌లో కళ్ళు మూసుకుని నడుస్తాడు." అందరూ నవ్వారు, తనూ నవ్వింది. శ్రీవత్స బల్ల కింద నుంచి ఆశిష్ కాలు తొక్కడం అప్పుడే చూసింది. అప్పుడు అదీ నవ్వులాటే అనుకుంది.

ప్యాకెట్టు కింద పెట్టేసింది.

"శ్రీ, ఎవరితో వెళ్ళావు?"

"ఎక్కడికి?"

"ప్రాగ్‌కి."

అతను నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానేశాడు.

"పెళ్ళికి ముందు ఎడిసన్ ఊళ్ళో దోశెల హోటల్లో కూర్చుని ఏమనుకున్నాం? ఇద్దరం యూరప్ చూడలేదు, చూస్తే మొదటిసారి కలిసే చూద్దాం అనుకున్నాం. ఆ మాట మీదే కదా నేను మా ఇంట్లో సరే అన్నాను. నాకంటే ముందు ఎవరున్నారో నాకక్కర్లేదు. కానీ ఆ మాట అబద్ధమైతే నేను ఫ్లైట్ ఎక్కను."

శ్రీవత్స సూట్‌కేస్ జిప్‌ని కాసేపు ముందుకి, కాసేపు వెనక్కి లాగాడు. చెవులు ఎర్రబడ్డాయి. తప్పు చేసినవాడి వాలకం అంతకంటే వేరేగా ఉండదని అనిపించింది చరితకి. తన బట్టలు ఒక్కొక్కటే సూట్‌కేస్‌లోంచి తీసి సోఫాలో పెట్టడం మొదలుపెట్టింది. పెళ్ళికి కొన్న పచ్చ శాలువా కూడా బయటికి వచ్చేసరికి అతను లేచాడు.

"నవ్వనంటే చెబుతాను" అని లాప్‌టాప్ తెచ్చి తివాచీ మీద పెట్టాడు.

తెర మీద ప్రాగ్ మ్యాప్. అందులో ఒక వీధి మీద నొక్కితే ఆ వీధే ఫొటోగా కళ్ళముందు విచ్చుకుంది. బాణం గుర్తు నొక్కితే నాలుగడుగులు ముందుకి. స్ట్రీట్ వ్యూ.

"రోజూ లంచ్‌లో శాండ్‌విచ్ తింటూ ఒక్కో వీధీ నడిచాను. అక్కడికెళ్ళాక మ్యాప్ పట్టుకుని తెల్లమొహం వేస్తే నీ ముందు నా పరువేం కావాలి? అంతా తెలిసినవాడిలా నీ చెయ్యి పట్టుకుని తిప్పుదామనుకున్నా. ఆశిష్‌గాడు వెనక నుంచి చూసేశాడు."

ట్రామ్ స్టాప్ వచ్చింది. ఎడమవైపు సందు. చివర మెట్లు, నది. గడియారం దగ్గరికి వెళితే మూలన బొమ్మల కొట్టు, అతను చెప్పినట్టే.

చరితకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. సోఫాలో బట్టలన్నీ ఒక్కసారే వాటేసుకుని మళ్ళీ సూట్‌కేస్‌లో కుక్కేసింది. వచ్చి అతని పక్కన చేరి, భుజం మీద తల ఆనించింది. ఇద్దరూ సూట్‌కేసుల మధ్య కూర్చుని ప్రాగ్‌లో నడిచారు. గాలిలో అలాగే నిలిచిపోయిన పావురం ఒకటి కనిపిస్తే దానికి పేరు పెట్టారు. ముఖాలు మసకచేసిన జనం మధ్య నుంచి, వంతెన దాటి, ఒక మలుపు తిరిగారు.

అక్కడ రెండు మెట్లు కిందకి దిగితే ఆకుపచ్చ తలుపుతో చిన్న హోటల్.

"ఇది బాగుంటుందేమో. కానీ మనం తినేవేం దొరుకుతాయో ఇక్కడ" అన్నాడు శ్రీవత్స.

"వెల్లుల్లి చారు" అంది చరిత హాయిగా కళ్ళు మూసుకుని. "మాంసం లేకుండా అడిగితే చేసిస్తారు. గిన్నె ముందుకి రాగానే జీలకర్ర వాసన, అచ్చం మా అమ్మ పెట్టినట్టే. రొట్టె ముక్కలు మాత్రం మెత్తబడకముందే తినేయాలి."

బాణం గుర్తు మీద అతని వేలు ఆగిపోయింది. తెర మీది ఆకుపచ్చ తలుపుని కాసేపు అలాగే చూశాడు.

"ఇందులో వీధులు కనిపిస్తాయి చరితా" అన్నాడు మెల్లగా. "వాసన రాదు."