ఇంటి మనిషి

“ఆగండి వదినా, కూర్చోకండి!”

సోఫాలో కూర్చోబోతున్న ఆడపడుచు అలాగే ఆగిపోయింది. మరదలు పరుగున వచ్చి, పట్టు కుషన్లన్నీ తీసేసి పాత దుప్పటి పరిచింది.

“అతిథుల కోసం కొన్నాను. నలిగిపోతాయి.”

“మరి నేనెవర్ని?”

“మీరు ఇంటి మనిషి కదా!”

“అబ్బో, ఎంత గౌరవమో!” ఆడపడుచు పెదవి విరిచింది.

ఈ ఇల్లు కొని ఇన్నాళ్ళయినా తమ్ముడు ఒక్కసారీ రమ్మనలేదు. పెళ్ళాం రాగానే కళ్ళు నెత్తికెక్కాయని ఆమె కోపం. చివరికి పిలవకుండానే వచ్చింది.

అంతలో తమ్ముడు ఆఫీసు నుంచి వచ్చాడు. అక్కను చూడగానే ముఖం విప్పారింది. అయినా హాల్లో ఆగకుండా నేరుగా వంటింట్లోకి వెళ్ళి పీట మీద కూర్చున్నాడు.

“ఇక్కడికి రా అక్కా. ఇక్కడైతే హాయిగా మాట్లాడుకోవచ్చు.”

పీట పక్కన అతని కళ్ళజోడు, చదివి మడిచిన పేపరు, అరిగిన దిండు ఉన్నాయి. అక్క కోపం నీరుగారిపోయింది. వీడికే చోటు లేకపోతే, తనను ఏ చోటికి రమ్మంటాడు?

వచ్చి అతని పక్కనే నేల మీద చతికిలబడింది.

“ఆదివారం మా ఇంటికి రారా. కాళ్ళు చాపుకుని పడుకుందువుగాని.”

తమ్ముడు హాలు వైపు చూసి గొంతు తగ్గించాడు.

“అడిగి చెప్తానక్కా.”