పొట్టి గీత

గేటు పక్క గోడమీద బొగ్గు గీతల్ని ముందు పట్టుకున్నది ఫోర్‌మన్ శేషగిరిరావే.

నిలువు గీతలు. లెక్కపెట్టాడు. ఇరవై మూడు. వాటికి ఎడంగా, జానెడు కింద, పొట్టిగా ఇంకొకటి.

వన్ టౌన్‌లోని ఆ ఐసు ఫ్యాక్టరీలో, కొత్తగా చేరిన అంతోనిని వదిలేస్తే, పగటిపూట మనుషులు తనతో కలిపి సరిగ్గా ఇరవై ముగ్గురు.

"ఎవడి పని ఇది?"

"అంతోనిదండి," అన్నాడు ఐసుగది తాళాలు చూసే పుల్లయ్య. "పొద్దున మనిషి లోపలికొస్తే గీత గీస్తాడు. సాయంత్రం బయటికెళితే కొట్టేస్తాడు."

"మరి ఆ పొట్టిది?"

"దాన్ని మాత్రం కొట్టెయ్యడండి."

శేషగిరిరావుకి అనుమానం పుట్టింది. అనుమానం ఆయనకి కొత్త చుట్టమేమీ కాదు. పాలవాడు నవ్వుతూ పలకరించాడంటే ఆ పూట నీళ్ళెక్కువ కలిపాడని తేల్చుకునే మనిషి.

అంతోనిని పిలిపించాడు. నలభై ఏళ్ళ మనిషి, మెడలో నల్లదారానికి సిలువ. ఐసు దిమ్మలు మొయ్యడానికి చేరి నెల కూడా కాలేదు.

"ఏ ఊరు నీది?"

"దిగువనండి. సముద్రం దగ్గర."

"ఈ గీతలేమిటి?"

"మా వైపు పడవ ఒడ్డుకొచ్చాక తలలు లెక్కపెట్టుకోందే ఎవరూ ఇంటికి పోరండి. అలవాటు."

"ఇదేమన్నా పడవా?"

"అందరం కలిసి ఎక్కిందే కదండీ."

"ఆ పొట్టి గీత ఎవరిది?"

అంతోని తల వంచుకున్నాడు. ఎంత గద్దించినా పెదవి విప్పలేదు.

మౌనం అర్ధాంగీకారం అనుకున్నాడు శేషగిరిరావు. ఎవడి మనిషి వీడు? యూనియన్ వాళ్ళు పంపారా? పోటీ ఫ్యాక్టరీ వాళ్ళా?

ఆ రోజునించి కనిపెట్టి చూశాడు. చూసినకొద్దీ అనుమానం ముదిరింది.

ఇదివరకు గంట కొడితే ఎవడి దారి వాడిది. ఇప్పుడు ముందు పని అయిపోయినవాడు వెనకబడ్డవాడికి చెయ్యి వేస్తున్నాడు. లెక్క పూర్తయ్యేదాకా ఒక్కడూ గేటు దగ్గరనుంచి కదలడం లేదు. జాన్‌బాబు ఒకనాడు రాకపోతే, ఇద్దరు వాళ్ళింటికే వెళ్ళి జ్వరమని కనుక్కొచ్చారు.

"ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూడని వెధవలకి ఇంత ఐకమత్యమా? ఇది సమ్మెకే!" అనుకున్నాడు.

మర్నాడే అంతోనిని పనిలోంచి తీసేశాడు. గోడకి సున్నం కొట్టమన్నాడు.

అంతోని ఎదురు చెప్పలేదు. గేటు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చాడు.

"ఆ పొట్టిది ఒక్కటి ఉంచండయ్యగారూ. దణ్ణం పెడతా."

అంత బతిమాలుతున్నాడంటే మతలబంతా అందులోనే ఉందన్నమాట. శేషగిరిరావు దగ్గరుండి దానిమీద రెండు పూతలు వేయించాడు.

వారం గడిచింది. గంట కొడితే మళ్ళీ ఎవడి దారి వాడిది.

ఆ శనివారం సాయంత్రం ఆయనకింకో అనుమానం వచ్చింది. ఐసు దిమ్మలు తగ్గుతున్నాయి. పుల్లయ్య మీదా నమ్మకం లేదు కనుక, చెప్పకుండా ఐసుగదిలోకి దూరి, చివరి వరస వెనక దిమ్మలు లెక్కపెట్టడం మొదలెట్టాడు.

తలుపు మూసుకుంది. బయట తాళం పడింది.

ఇదివరకైతే మనుషుల లెక్క తేలందే ఆ తాళం పడేది కాదు.

అరిచాడు. బాదాడు. జానెడు మందం తలుపు, అవతల ఇంజను రొద. రేపు ఆదివారం, సెలవు. కాళ్ళు తిమ్మిరెక్కాయి. వేళ్ళు వంగడం మానేశాయి. భార్యని తలుచుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

ఎంతసేపయిందో తెలియదు. తలుపు తెరుచుకుంది.

పుల్లయ్య ఆయన్ని ఎత్తుకొచ్చి ఎండవేడి ఇంకా వదలని గచ్చుమీద కూర్చోబెట్టాడు.

"నేను బస్సెక్కబోతుంటే రెక్క పట్టుకు లాక్కొచ్చాడండి అంతోని. ఎదురుగా సోడా బడ్డీ దగ్గర రోజూ నిలబడి లెక్కపెడుతున్నాడంట. ఇవాళ ఒక తల తక్కువొచ్చిందని ఒకటే గోల."

గేటు బయట అంతోని నిలబడి ఉన్నాడు. ఆయన్ని చూశాడు.

"ఇరవై మూడు," అన్నాడు మెల్లిగా. వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే శేషగిరిరావు పటమట వెళ్ళి, అంతోని తలదాచుకుంటున్న శౌరమ్మ ఇల్లు వెతికి పట్టుకున్నాడు. సున్నం కింద మరుగైపోయిన గీత రాత్రంతా ఆయన్ని నిద్రపోనివ్వలేదు.

"అంతోని ఉన్నాడా అమ్మా?"

"తొలి బస్సుకే అవనిగడ్డ ఎళ్ళిపోయాడు బాబూ. ఇక వాళ్ళే లెక్కపెట్టుకుంటార్లే అక్కా, అన్నాడు."

శేషగిరిరావు వెనక్కి తిరిగాడు. వసారా గోడమీద, మోకాలెత్తున, బొగ్గుతో గీసిన పొట్టి గీత కనిపించింది.

ఆయన దాన్నే చూస్తుంటే శౌరమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది.

"మొన్న ఉప్పెనలో మోకు పట్టుకుని ఊళ్ళోవాళ్ళందర్నీ గుడి డాబా మీదికి చేర్చింది అంతోనే బాబూ. అందరూ ఎక్కేశారా అనడిగితే ఎక్కేశారన్నారంట. ఆ ఒక్కనాడే లెక్కపెట్టుకోలేదు."

ఆమె వంగి, ఆ గీత చెరక్కుండా పక్కనున్న దుమ్ము తుడిచింది.

"ఆరేళ్ళది, వాడి కూతురు తెరేస, ఇంకా ఇంటికి రాని పిల్ల గీత ఎట్టా కొట్టేస్తాడు బాబూ?"