వాగు దాటే గొట్టం

రోశయ్య బుగ్గలు లోపలికి పోయేలా రబ్బరు గొట్టాన్ని పీలుస్తున్నాడు. రెండో కొసను మెకానిక్ మౌలాలీ బొటనవేలితో మూసి పట్టుకున్నాడు. నాలుగు పీల్పులకే గొట్టం నడుమ చప్పిడిగా అతుక్కుపోయింది.

"నీ నోటికే ఆగలేదు మావా. ఇంక డిఫరెన్షియల్‌కేం ఆగుద్ది?" అన్నాడు మౌలాలీ.

అది ఆరెంపీ డాక్టరు తన పాత స్టెతస్కోపు నుంచి ఊడదీసిచ్చిన గొట్టం. ఇన్నాళ్లూ ఎంతమంది గుండెలు విన్నదో గానీ, జీపుకు మాత్రం పనికిరాలేదు.

ఎనభయ్యేడు జూన్ అది. గురజాల అవతల, గొల్లవాగు గట్టున ఊరు. వాగొచ్చిందంటే ఎర్రబస్సు గట్టుమీదే ఆగిపోతుంది. అప్పుడు పురిటి మనిషైనా, ఎరువు బస్తా అయినా అవతలికి చేరాలంటే నాలుగు చక్రాలూ లాగే రోశయ్య జీపే దిక్కు. మిలిటరీ వేలంలో కొన్న బండి. దాన్ని చూసుకుని రోశయ్య మీసం ఎప్పుడూ ఒక అంగుళం పైకే ఉండేది.

అలాంటి జీపు, కిందటిసారి వాగొచ్చినప్పుడు పరువు తీసింది. ఇరుసు మధ్య పళ్లచక్రాలుండే డిఫరెన్షియల్ నెత్తిన, గాలి పోవడానికి బ్రీదర్ అని చిన్న రంధ్రం ఉంటుంది. వేడెక్కిన ఇరుసు చన్నీళ్లలో దిగినప్పుడల్లా ఆ రంధ్రంలోంచి నీళ్లు పీల్చుకుంది. లోపలి ఆయిలు పాలుపోసిన టీలా మారింది. చివరికొకనాడు పెళ్లివారితో సహా నడివాగులో పళ్లు విరిగి కూలబడింది. పెళ్లికొడుకును మొలలోతు నీళ్లలో భుజాలమీద మోసుకుపోయారు. ఊళ్లో ఇప్పటికీ ఆ ముచ్చట చెప్పుకుని నవ్వుతారు. ఆ తర్వాత జీపెక్కేవాళ్లే కరువయ్యారు.

విరిగిన పళ్లచక్రాలు మార్పించాడు గానీ రోశయ్యకు మనసు కుదుటపడలేదు. ముందూ వెనకా ఇరుసులకున్న రెండు బ్రీదర్లకూ గొట్టాలు తగిలించి, వాటి కొసలు ముందు అద్దం ఎత్తుకు కట్టాలని పట్టుబట్టాడు. ఆరుద్ర కార్తె దగ్గర పడుతోంది. పైగా భార్య నాంచారమ్మ సత్తెనపల్లి దేవానందానికి కబురు పంపింది. పాత జీపులు కొని అమ్మేవాడతను. ఇవాళే వస్తున్నాడు. వాడొచ్చేలోగా జీపు మునగని బండి అనిపించుకోవాలి, లేకపోతే చేతులారా వదులుకోవాలి.

స్టెతస్కోపుది పోగా, రెండో గొట్టం తాపీమేస్త్రీ లెవెల్ ట్యూబు. రోశయ్యకు అది తెగ నచ్చింది. లోపలంతా కనపడుతుంది మరి.

"నీళ్లెక్కితే తెలుస్తయ్ గదరా."

"తెలిస్తే ఏం జేస్తవు మావా, దిగి దణ్ణం పెడతవా?" అంటూ మౌలాలీ దాన్ని వేడి సైలెన్సర్‌కు ఆనించాడు. ట్యూబు బెల్లంపాకంలా సాగి మూసుకుపోయింది.

మూడోది పక్కింటి జక్కయ్య పత్తికి మందుకొట్టే పంపుది. నాకిప్పుడు దీంతో పనేముందని తనే విప్పి ఇచ్చాడు. గట్టిదే, కానీ మరీ బిర్రు. గుంతల్లో ఇరుసు ఎగిరినప్పుడల్లా దానితోపాటు వంగక ఊడి వస్తుందని మౌలాలీ తీసి పక్కన పెట్టాడు.

చివరికి మిగిలింది మౌలాలీ నరసరావుపేట నుంచి తెచ్చిన పెట్రోలు పైపు, మధ్యలో గుడ్డపొర ఉన్నది. గేరాయిల్లో నానేసినా ఉబ్బలేదు. వంచితే మడత పడలేదు. రోశయ్య కళ్లు తిరిగేదాకా పీల్చినా చప్పిడి కాలేదు. ఇక చిల్లి ఉందో లేదో చూడాలంటే బేసిన్‌లో నీళ్లు కావాలి.

నాంచారమ్మ చెంబుతో తెచ్చి, పోసి, అక్కడే నిలబడింది. అయ్యాక ఒక్క చుక్క పారబోయకుండా బర్రెకు పెట్టమంది.

బుడగ రాలేదు. రోశయ్య మొహం వెలిగిపోయింది.

అప్పుడే దేవానందం దిగాడు. జీపు చుట్టూ తిరిగాడు, బానెట్ తట్టాడు, బాగుందన్నాడు. ముందువైపు ఇరుసు పీకి పాతసామానుకు వేసి, డీజిల్ ఇంజన్ పెట్టించి, గుంటూరు రోడ్డున జనాన్ని తిప్పుతానన్నాడు.

రోశయ్య బేసిన్‌లోంచి పైపును తీసి పట్టుకున్నాడు. ఇరుసు పీకితే అది నాలుగు చక్రాల బండి ఎట్లా అవుతుంది? వాగెట్లా దాటుతుంది?

"ఇయ్యను," అన్నాడు. "ఈ తడవ వాగొస్తే నా బండి ఆగదు. ఆగిందా, నేనే నెట్టుకొచ్చి నీ గుమ్మం ముందు పెడతా."

దేవానందం నాంచారమ్మ వైపు చూశాడు. కబురు పెట్టింది ఆమే కదా. ఆమె మొగుణ్ని చూసింది. నూనె చేతులతో, చంటిపిల్లాణ్ని ఎత్తుకున్నట్టు ఆ పైపును పట్టుకుని నిలబడ్డాడు. తిడదామని తెరిచిన నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"మళ్లీ కబురు చేస్తాంలే అన్నా."

దేవానందం తల అడ్డంగా ఊపి, అవతలి ఊళ్ల నుంచి అప్పుడే వచ్చిన ఎర్రబస్సెక్కి వెళ్లిపోయాడు.

మౌలాలీ పైపులు బిగించాడు. ఇరుసు ఆడటానికి కొంచెం వదులు ఉంచి, కొసలు అద్దం ఫ్రేముకు కట్టాడు. ఒకసారి వాగులో దించి చూడాల్సిందేనన్నాడు రోశయ్య. గట్టుమీద అప్పటికే నలుగురు చేరి ముసిముసిగా నవ్వుతున్నారు.

నాంచారమ్మ తలుపుకు తాళం వేసి వచ్చి ముందు సీట్లో కూర్చుంది.

"నువ్వెందుకే?"

"నవ్వితే ఇద్దర్నీ కలిపి నవ్వుతార్లే. పోనీ."

రోశయ్య మీసం సవరించుకుని, నాలుగు చక్రాలూ కలిపి, ఫస్టు గేరులో జీపును మెల్లగా గొల్లవాగులోకి దించాడు.

నీటిచుక్క చూసి మూడేళ్లయిన ఆ వాగులో దుమ్ము ఇంతెత్తున లేచేసరికి, నాంచారమ్మ కొంగు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకుంది.