చెమ్మ మచ్చ

"మళ్లీ వచ్చింది," అన్నారు వేంకటాచలం మాస్టారు.

మళ్లీ రంగు వేసి నాలుగు రోజులే అయింది. ధనరాజు సంచీ కింద పెట్టి గోడ దగ్గరికి వెళ్లాడు. ఏ పక్కనని అడిగాడు. మాస్టారు కుర్చీలోంచే వేలితో చూపించారు. కిటికీకి కాస్త ఎడంగా, పళ్లెమంత మచ్చ. ధనరాజు ఆ చోట అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు.

విజయనగరంలో ఆ ఇంటి ముందుగది మాస్టారు వయొలిన్ నేర్పే గది. ఎదురుగోడకి ఆకుపచ్చ తీగల వాల్‌పేపర్ ఉండేది. ఒక తుఫాను ఏడాది గోడ చెమ్మెక్కితే, అది కనపడకుండా భార్య జగదీశ్వరి అంటించింది. ఈ వానాకాలం ఆ కాగితం ఉబ్బి, అంచులు ఊడి, బూజు వాసన మొదలైంది. చెమ్మ తగిలితే వయొలిన్ చెక్క పాడవుతుందని మాస్టారి భయం. వాయిద్యాలు పెట్టెల్లో పెట్టేశారు. గోడ బాగయ్యేదాకా పాఠాలు లేవన్నారు.

పనికి నెల్లిమర్ల నుంచి ధనరాజుని పిలిపించారు. అతని కూతురు గౌరి మూడేళ్లుగా మాస్టారి దగ్గరే నేర్చుకుంటోంది. సంగీత కళాశాలలో సీటు కోసం పరీక్షకి కూర్చోబోతోంది.

ధనరాజు వేడినీళ్లు కొట్టి, కాగితం నానబెట్టి గీకాడు. దాంతోపాటు ప్లాస్టరింగూ పెచ్చులుగా ఊడొచ్చింది. లోపలంతా చవుడు, నల్లటి మరకలు. ఇటుక కనపడేదాకా కొట్టేసి, కొత్తగా సిమెంటు పూసి, బాగా ఆరబెట్టాడు. రెండు పూతల పుట్టీ, ఆపైన ప్రైమరు, చివరికి తెల్లరంగు. గోడ పాలమీగడలా వచ్చింది.

రంగు వేసిన మూడో రోజు మాస్టారు మచ్చ చూపించారు.

ధనరాజు గీకి, మళ్లీ వేశాడు. మళ్లీ వచ్చిందన్నారు. ఈసారి బయటివైపు తడి దిగని మందు పూసి, లోపల మళ్లీ రంగు వేశాడు. ప్లంబరుని తెచ్చాడు. ఆ గోడలో అసలు పైపే లేదన్నాడు ప్లంబరు.

పైగా అది ఒకచోట ఉండేది కాదు. ఒకరోజు కిటికీ పక్కన, ఒకరోజు గడియారం కింద. మాస్టారు దగ్గరికి వెళ్తే రూపాయి బిళ్లంత, కుర్చీలో కూర్చుంటే పళ్లెమంత. చెమ్మ గోడ లోపలే పాకుతోందని ఆయన తేల్చారు. జగదీశ్వరి కళ్లజోడు తీసి చెంగుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూసేది.

ఇది మూడోసారి.

జగదీశ్వరి టీ తెచ్చింది, మాస్టారికి పంచదార లేకుండా. ధనరాజు తన టీ ముట్టుకోలేదు. ఫోనులో గోడ ఫొటో తీసి మాస్టారి చేతికిచ్చాడు.

"ఇదిగో, ఇందులోనూ ఉంది కదా," అన్నారు ఆయన.

ధనరాజు ఫోను తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"మాస్టారూ, గౌరి పరీక్షకి ఇరవై రోజులే ఉన్నాయి. దాన్ని పెరట్లో కూకోబెట్టి సెప్పినా పర్వానేదు."

"గోడ బాగవనీ. చెప్తానన్నాను కదా."

"నాకు తెలిసిన పనంతా సేసేనండి. ఇంకేటి సెయ్యాలో తెలవట్లేదు."

పని రాకపోతే రాదని మొదటిరోజే చెప్పాల్సింది, ఇంకొకరిని చూసుకునేవాణ్ణి అన్నారు మాస్టారు. ఆ మాట అన్నాక ఆయనకే బాధేసింది. కానీ వెనక్కి తీసుకోలేదు. ధనరాజు బ్రష్షులు సంచీలో వేసుకుని, నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

కిటికీలోంచి గేటు కనపడుతోంది. అక్కడ ధనరాజు ఆగి, సాగనంపడానికి వెళ్లిన జగదీశ్వరిని ఏదో అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. తర్వాత అతనూ ఊపాడు. ఇద్దరూ ఒకసారి కిటికీకేసి చూశారు.

మాస్టారు కుర్చీలో వెనక్కి వాలారు. ఇంకెవరిని పిలవాలి? పిల్లలు ఒక్కొక్కరే వేరే చోట చేరిపోతున్నారు. వయొలిన్ ముట్టుకుని నెల దాటింది. ఎదురుగా తెల్లటి గోడ. దాని మధ్యలో మచ్చ, నిన్నటికంటే ముదురుగా.

జగదీశ్వరి లోపలికి వచ్చి కుర్చీ వెనక నిలబడింది. ఒక్క నిమిషం కదలకండి, గోడకేసే చూడండి అంది. ఎందుకని ఆయన అడగబోయేలోపే చెయ్యి ముందుకు చాచింది.

ఆమె అరచెయ్యి ఆయన కుడికన్నుని మూయగానే, గోడ మీది మచ్చ మాయమైపోయింది.