బాల్కనీలో మడతమంచం

ఆ ఇంట్లో గదులు రెండు, ఆఫీసులు రెండు, రాక్షసుడు ఒకడు.

రాక్షసుడి పేరు తిలెక్. వయసు ఏడాదిన్నర. పెళ్ళయిన చాలా ఏళ్ళకు పుట్టాడు కనుక గారాబం ఎక్కువ. వాడికి అందకూడదని తల్లి బూరుల్ తన లాప్‌టాప్‌ను ఫ్రిజ్ మీద పెట్టుకుని, నిలబడే ఉద్యోగం చేసేది. ఒక బీమా కంపెనీ తరఫున ఫోన్లో జనం తిట్లు వినడం ఆమె పని. తండ్రి ఎర్మెక్ బాల్కనీలో, టమాటా ఊరగాయ సీసాల మధ్య ఇరుక్కుని ఇళ్ళ ప్లాన్లు గీసేవాడు. ఆయన గీసిన ప్రతి ఇంట్లోనూ పిల్లల గది దూరంగా, దాని తలుపు దిట్టంగా ఉండేది.

పగలు పిల్లాణ్ని ఎవరు చూడాలన్న దాని మీద మొగుడూ పెళ్ళాలకు రోజూ యుద్ధమే. బిష్కెక్ నగరంలో ఆ పక్క ఫ్లాటు వాళ్ళు టీవీ చూడటం మానేశారు. చివరికి వేసవి మొదట్లో, కొండల్లోని నారిన్‌లో ఎర్మెక్ తల్లి దగ్గరుండే సైకాల్‌ను పిలిపించారు. ఆ పిల్ల బడి చదువు అప్పుడే ముగిసింది.

"నువ్వొచ్చి వీణ్ని కాస్త చూసుకో. కాలేజీలు తెరిచాక మాతోనే ఉండి చదువుకుందువుగాని. బాల్కనీలో మడతమంచం వేస్తాను" అన్నాడు ఎర్మెక్.

కాలేజీ నారిన్‌లోనూ ఉంది. సైకాల్‌కు కావలసింది ఆ మంచం. ఫోన్ పెట్టేసేలోగానే దాన్ని మనసులో వాల్చి, దుప్పటి కూడా పరిచేసుకుంది.

వచ్చిన రోజు నుంచీ పిల్లాడు ఆమె చంక దిగలేదు.

"అత్త దగ్గరికెళ్ళు నాన్నా, అమ్మకి మీటింగ్" అనేది బూరుల్.

"వదినా, వీడు మౌస్ నమిలేస్తున్నాడు!"

"ఎవరిదే?"

"అన్నయ్యది."

"అయితే నమలనీ."

ఒకరోజు మూతి నిండా పెరుగు పూసుకుని, వాడు సరాసరి బూరుల్ వీడియో మీటింగులోకే దూరాడు. తెర మీదున్న పెద్ద మేడమ్ మురిసిపోయింది.

"అబ్బ, ఎంత ముద్దొస్తున్నాడో! ఒక్కడేనా?"

"ఒక్కడే మేడమ్. వీడితోనే మా పని సరి!"

సైకాల్ వాణ్ని ఎత్తుకుని ఇవతలికి తెచ్చి మూతి తుడిచింది. కాస్త గట్టిగానే తుడిచిందేమో, వాడు ఏడుపు లంకించుకున్నాడు.

ఆగస్టు ఆఖర్లో ఎర్మెక్ తల్లి బెర్మెత్ ఫోన్ చేసింది. ఎర్మెక్ స్పీకర్ పెట్టాడు. సైకాల్ నేల మీద కూర్చుని పిల్లాడికి రవ్వజావ తినిపిస్తోంది.

"ఒరే, పిల్లాణ్ని నా దగ్గరికి పంపెయ్యి. గుర్రం పాలు తాగుతాడు, కొండగాలికి రాయిలా తయారవుతాడు. బడి ఈడు వచ్చాక తీసుకుపోదురుగాని. మీ ఉద్యోగాలు మీరు చేసుకోండి. సైకాల్ అక్కడే ఉండి చదువుకుంటుంది."

చెంచా గాల్లోనే ఆగిపోయింది. పిల్లాడు నోరు తెరుచుకుని దానికోసం చూస్తున్నాడు.

ఎర్మెక్ గొంతు సవరించుకునేలోపే బూరుల్ అందుకుంది.

"పాలైనా మానని బిడ్డని పంపెయ్యమంటారేంటి అత్తయ్యా?"

"మన వంశంలో పిల్లలు ముసలాళ్ళ ఒళ్ళో పెరగడం కొత్తేం కాదుగా అమ్మాయ్."

"కొత్తో పాతో, నా వల్ల కాదు. వీడు ఒక్కపూట కనపడకపోతే నాకు ఊపిరాడదు. కన్నబిడ్డని వదిలేసి ఏ తల్లి బతుకుతుందండీ?"

బెర్మెత్ గొంతు తగ్గించి, "సైకాల్ అక్కడే ఉందా?" అని అడిగింది.

ఎర్మెక్ గబుక్కున స్పీకర్ తీసేసి ఫోన్ చెవికి ఆనించుకున్నాడు. ఊఁ, ఊఁ అని రెండుసార్లు అని పెట్టేశాడు.

"అయితే నా మంచం సంగతేంటి, అన్నయ్యా?" అని అడిగింది సైకాల్.

ఆయన ఊరగాయ సీసాల వైపు చూశాడు, అవేమైనా జవాబు చెబుతాయేమోనని.

"చోటెక్కడుందే, నువ్వే చూస్తున్నావుగా."

"వీడికి నిన్ననే క్రెష్‌లో సీటు దొరికింది. నీకు చెబుదామనే అనుకుంటున్నాం" అంది బూరుల్. "నువ్వు నారిన్‌లో ఉంటే అత్తయ్యకీ తోడు. ఏమీ అనుకోకు సైకాల్. నువ్వేమైనా పరాయిదానివా?"

"ఏమనుకుంటాను వదినా."

మిగిలిన జావ పిల్లాడికి తినిపించి, గిన్నె కడిగి బోర్లించి, సైకాల్ బట్టలు సర్దుకుంది.

మర్నాడు పొద్దున్న బూరుల్ ఆమె చేతిలో నూనెలో వేయించిన బోర్సోక్ పిండిముక్కల పొట్లం పెట్టింది. దారిలో ఆకలేస్తుందని మరో నాలుగు కుక్కింది. పిల్లాడు సైకాల్ మెడ వదలలేదు. వేళ్ళు ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది.

"అత్తకి టాటా చెప్పు నాన్నా" అంటూ బూరుల్ తనే వాడి చెయ్యి పట్టుకుని ఊపింది. ఎర్మెక్ సంచీ మోసుకొచ్చి టాక్సీలో పెట్టాడు. ఏదో అనబోయాడు. డ్రైవరు తలుపు వేసేశాడు.

నారిన్ వెళ్ళే ఆ షేర్ టాక్సీలో పక్క సీటు ముసలావిడ, కారు ఊరు దాటకముందే ఆరా మొదలుపెట్టింది.

"ఎవరి పిల్లవే నువ్వు?"

"నారిన్‌లో బెర్మెత్ కూతుర్ని" అంది సైకాల్, కిటికీలోంచి బయటికి చూస్తూ.

పద్దెనిమిదేళ్ళ కిందట, ఎర్మెక్, బూరుల్ తమ తొలిచూలు బిడ్డను పళ్ళైనా రాకముందే వంశపు ఆనవాయితీ ప్రకారం బెర్మెత్ ఒడిలో పెట్టి నగరానికి వెళ్ళిపోయిన నాటి నుంచీ, సైకాల్‌కు అందరూ కలిసి నేర్పిన జవాబు అదే.