కాకి ముట్టని ముద్ద

"ముట్టిందా బిడ్డా?"

"లేదమ్మా. గోడ మీద కూసున్నది. కిందికి దిగుతలేదు."

ఫోన్లో తల్లి ప్రమోదిని నిట్టూర్చింది. రుచిత ఎలగందుల ఖిల్లా బురుజు చాటున నిలబడి, తాను పెట్టిన ఇస్తరాకు వైపు చూసింది. బగార అన్నం, మటన్ కూర, రెండు ఉస్మానియా బిస్కెట్లు. అన్న విక్రాంత్‌కు ఇష్టమైనవన్నీ ఉన్నాయి. కాకి మాత్రం ఆకును చూసి, ఆమెను చూసి, మెడ అటు తిప్పుకుంది. దాని పొగరు దానిది!

విక్రాంత్ పోయి పదకొండు రోజులు. నిన్న కరీంనగర్‌లో మానేరు ఒడ్డున పదోరోజు పిట్టకు పెడితే ఒక్క కాకీ వాలలేదు. పోయినవాడి మనసులో ఏదో కోరిక మిగిలిందన్నారు. అదేదో కనిపెట్టి, తీరుస్తామని మాటిస్తే గానీ కాకి ముట్టదు. బతికున్నప్పుడు నీకేం కావాలిరా అని అడిగిన పాపాన పోనివాళ్లు కూడా ముందుకొచ్చి మాటలిచ్చారు.

"మీ అమ్మను మంచిగ సూసుకుంటం" అన్నాడు చిన్నాన్న వంశీధర్‌రావు.

"చెల్లె పెండ్లి నీ ఇష్టమున్నట్టే చేస్త" అన్నాడు తండ్రి మధుసూదన్‌రావు.

కాకులు చెట్టు దిగలేదు. కాకి ముట్టేదాకా తానూ మెతుకు ముట్టనని ప్రమోదిని ఒట్టేసుకుంది. ఆమెకు షుగర్. నిన్న పొద్దుటి నుంచి ఉత్త నీళ్లే.

"వానికి ఖిల్లాలంటే పిచ్చి. ఐతారం అయితే సాలు, కారేసుకొని తిరిగెటోడు. ఆడ పెట్టి సూడరాదుండ్రి?" అన్నది మేనత్త. ఆ మాట పట్టుకుని రుచిత తెల్లారేసరికి టిఫిన్ డబ్బా సర్దుకుని బయల్దేరింది.

"డ్రైవర్‌ను పంపుత" అన్నాడు చిన్నాన్న.

"వద్దు చిన్నాన్న. ఒక్కదాన్నే పోత."

"గంత ఆక్సిడెంటయినంక మల్ల స్టీరింగ్ పడుతున్నవంటే, నీ గుండె గట్టిది బిడ్డా!" అని తల నిమిరాడు. రుచిత ఆయన వైపు చూడకుండా కారెక్కింది.

ఎలగందుల తర్వాత జగిత్యాల కోటలో ఫిరంగి పక్కన ఆకు పెట్టింది. "అన్నా, నీ కెమెరా ఎవ్వరికియ్యను. భద్రంగ దాస్త" అంది. కుక్క వచ్చి మూతి పెట్టబోతే తరిమింది. కాకి రాలేదు.

నిర్మల్‌లో శ్యాంగఢ్ కోట ఎక్కింది. "నువ్వు తీసిన ఫోటోలన్ని పుస్తకం వేయిస్తనే. ఇగనన్న తినరాదు!" అని బతిమాలింది. నాలుగు కాకులు నెత్తి మీద తిరిగి తిరిగి వెళ్లిపోయాయి. రుచిత మెట్ల మీద కూలబడి ఏడ్చింది.

అంతలో తండ్రి ఫోన్ చేశాడు.

"మీ అమ్మ కండ్లు తిరిగి పడ్డది. గ్లూకోజ్ పెడుదమంటే సూది గుంజి పారేసింది. ఇగ నువ్వు వాపస్ రా."

"ఇంకొక్క చోట పెట్టి సూస్త బాపు."

"కాకి ముట్టదు బిడ్డా. వాడు ఒక పానం తీసి పోయిండు. ఆ ముసలామె ఉసురు ఊకెనే పోతదా?"

అందరూ అనుకునేదీ అదే. ఆ ఆదివారం అన్నాచెల్లెళ్లు ఖిల్లా చూసి తిరిగొస్తుంటే, ఖానాపూర్ రోడ్డు మీద వాళ్ల కారు శంకరవ్వ అనే ముసలామెను గుద్ది కల్వర్టుకు కొట్టుకుంది. శంకరవ్వ అక్కడికక్కడే పోయింది. విక్రాంత్ దవాఖానలో పోయాడు. ఫోన్ చూసుకుంటూ నడిపాడట అని ఊరూవాడా చెప్పుకున్నారు. కొడుకు పోయిన దుఃఖం ఒకటి, ఈ మాట ఒకటి, ప్రమోదిని రెండూ మోస్తోంది.

రుచిత కారు ఖానాపూర్ వైపు తిప్పింది. కల్వర్టు దగ్గర ఆపి, డబ్బాలో మిగిలిన అన్నమంతా ఆఖరి ఆకులో పెట్టింది. పక్క చాయ్ కొట్టులోంచి సక్కుబాయి అనే పెద్దామె తొంగిచూసింది.

"ఎవలికి పెడుతున్నవ్ బిడ్డా?"

"మా అన్నకు. ఆక్సిడెంట్ల పోయిండు."

"అయ్యో! గీ రోడ్లు గట్లనే ఉన్నయి తల్లీ. మా శంకరవ్వను గీడనే గుద్దిండు ఒగడు. రోజు ఇద్దరం కూసొని బీడీలు చేసెటోళ్లం. వాని మీద మన్నువడ! సచ్చినోన్ని తిట్టొద్దంటరు గని నా నోరు ఊకుంటలేదు. గసొంటోన్ని వాని అవ్వ ఎట్ల కన్నదో!"

"అట్లనకు అవ్వా. జర అట్లనకు."

"నీకేం ఎరుక, ఎందుకనొద్దు?"

ఇప్పటిదాకా ఆకు పెట్టి దూరం జరిగిన రుచిత, ఈసారి ఆకు పక్కనే మోకాళ్ల మీద కూర్చుంది. ఎవరికీ వినపడకుండా ఏదో చెప్పింది. చెప్పి లేచి నాలుగు అడుగులు వేసిందో లేదో, రెక్కల చప్పుడైంది. ఒక కాకి సూటిగా వచ్చి మటన్ ముక్క అందుకుంది. దాని వెనకే ఇంకోటి వాలింది.

"ముట్టిందమ్మా!"

ఫోన్ అవతల ప్రమోదిని ఏడుస్తూనే నవ్వింది. వెనక నుంచి మధుసూదన్‌రావు "ముందు తిను, తినుకుంట మాట్లాడు" అంటున్నాడు. కంచం చప్పుడు వినిపించింది.

"నా కొడుకు కడుపు నిండింది బిడ్డా. వాని కోరికేందో నీకే దొరికింది. ఏమని మాటిచ్చినవ్?"

"నువ్వు ముందు తిను అమ్మా."

"తింటున్న. నాలుగు బుక్కలు తిన్న. ఇగ చెప్పు."

తల్లి నీళ్లు తాగేదాకా రుచిత ఆగింది.

"ఆ రోజు కారు నడిపింది నేనేనని అందరికీ చెప్తనన్న అమ్మా."