అద్దంలో దొరికిన మా పైడిరాజు

గెలిచాం బావగారూ! మా పైడిరాజు సిల్తారా ఉక్కు కంపెనీలో పనిచేశాడని లేబరాఫీసులో తేల్చేశారు! ఇక వాడి చేతికి వైద్యం కంపెనీవాళ్ళే చేయించాలి!

కొలిమి దగ్గర చెయ్యి కాలితే "వీడెవడో మాకు తెలీదు" అన్న మహానుభావులే, పోయిన ఏడు చిత్రకారుణ్ణి పిలిచి, వాడి బొమ్మ రాతిమీద గీయించి, ప్రకటన కోసం అచ్చేయించారు. కింద "మా కార్మికుడే మా బలం" అని ఇంతేసి అక్షరాలు. హెల్మెట్టూ చేతితొడుగులూ గీసినంతసేపే ఇచ్చార్లెండి, తరవాత లాక్కున్నారు.

ఆ బొమ్మనూ, గీసినాయన్నీ వెంటబెట్టుకుని వెళ్ళాను. కంపెనీ మేనేజరుతో వచ్చిన వకీలు నవ్వాడు.

"అరే చాచా, బొమ్మలోవాడికి పుట్టుమచ్చ కుడిచెంప మీదుంది. మీవాడికి ఎడమన. యే తో దూస్రా ఆద్మీ, వేరే మనిషి!"

నా ప్రాణం పోయిందనుకోండి. చిత్రకారుడు లేచాడు.

"రాతి అచ్చులో కుడి ఎడమలు తారుమారౌతాయి సాబ్. అద్దంలో చూడండి."

ఆఫీసరమ్మ సంచీలోంచి చిన్న అద్దం తీసి బొమ్మకు ఎదురుగా పట్టింది. మచ్చ ఎడమచెంప మీదికొచ్చి కూర్చుంది! ఆరేళ్ళు రోజూ ఎదురుపడ్డా ఆనవాలు పట్టని మేనేజరు అద్దంలో ఇట్టే పట్టేశాడండీ, ఏం చూపు!

బొబ్బిలి చిన్నత్తకు చెప్పండి. సాలూరు తమ్ముడికీ, రాజాం వియ్యాలవారికీ చెప్పండి. పలాస తోడల్లుడికి మాత్రం మీరే వెళ్ళి చెప్పండి. వాళ్ళబ్బాయీ ఆ కొలిమి దగ్గరే పనిచేస్తున్నాడు. వాడి బొమ్మ ఇంకా ఎవరూ గీయలేదు.

మీ పున్నయ్య, రాయపూర్